నీటడుగున ఎల్లాజీ అవస్థ

గవ్వలపేటలో తెడ్డువారింటి ముగ్గురన్నదమ్ములకి తమ తెలివి మీద ఎంత నమ్మకమంటే, ఇరుగుపొరుగువాళ్ళకి అది బొత్తిగా లేదే అని జాలిపడి, రోజూ వాళ్ళ అరుగుల మీద కూర్చుని కాస్త కాస్త పంచిపెట్టి వచ్చేవాళ్ళు. వాళ్ళింటి గోడగడియారం ఎప్పుడో ఆగిపోయింది. బాగుచేయించుకోరాదటయ్యా అని ఎవరైనా అంటే పెద్దవాడు పోలయ్య నవ్వి, ఆగితే ఆగింది గాని సరిగ్గా భోజనాల వేళకి ఆగింది, అంత మంచి గడియారాన్ని చేజేతులా పాడుచేసుకుంటామా అనేవాడు. చిన్నవాడు దండాసి ఔనౌనని తలూపేవాడు. నడిమివాడు ఎల్లాజీ ఆ మాటకి మురిసిపోయి ఇంకోసారి చెప్పించుకునేవాడు.

ఆ ఎల్లాజీకే వచ్చింది ముప్పు. ఒకనాడు అతని పెళ్ళాం కొర్లమ్మ ఎసరు పెట్టి, పుల్లలు అయిపోయాయి, ఏది కనిపిస్తే అది నరికి పొయ్యిలో పెట్టు అంది. వాకిట్లోకి రాగానే ఎల్లాజీకి పడవ కనిపించింది. అంతే. అన్నం బాగానే ఉడికింది. కొర్లమ్మ మాత్రం ఆ అన్నం ముట్టలేదు. నెలజీతం వచ్చే పని చూసుకుని కబురు పెట్టు, అందాకా నాకు నీ ముఖం చూపించకు అని పుట్టింటికి వెళ్ళిపోయింది. వారం తిరక్కుండా ఎల్లాజీ ఆమెను చూడ్డానికి వెళ్ళాడు. ముఖం చూపించొద్దంది కదా, చేట అడ్డం పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. మామగారు ఆ చేటతోనే నాలుగు అంటించి పంపాడు.

అలాంటి రోజుల్లో ఎస్తేరు మేడం అనే ఆవిడ ఊరి తీరంలో డైవింగు కంపెనీ పెట్టింది. సముద్రం అడుగున రాళ్ళకి చిక్కుకున్న పాత వలలు తీయడానికి మనిషి కావాలంది. వీపున గాలి సిలిండరు, నోట్లో గొట్టం, ఒంటికి నల్లటి రబ్బరు సూటు. ఈతలో ఎల్లాజీని మించినవాడు ఆ ఊళ్ళో లేడు. చేపకి ఉన్నంత ఈత ఉంది, చేపకి ఉన్నంత బుర్రా ఉంది. అతను వెళ్ళి అడిగితే, రేపు పరీక్ష, నెగ్గితే ఉద్యోగం అని మేడం మాటిచ్చింది.

సూటు చేతికిచ్చి పంపేముందు ఆవిడ రెండు సంగతులు చెప్పింది. నీళ్ళలోకి దిగేవాడు ముందుగా కడుపునిండా నీళ్ళు తాగాలి. సూటు ఒంటికి అతుక్కుని ఉండాలి.

ఇంకేముంది. తెల్లారగానే ఎల్లాజీ కుండ ఎత్తాడు. పోలయ్య తమ్ముడి పొట్ట మీద తట్టి చూసి, ఇంకా బోలుగానే మోగుతోందిరా, ఇంకో చెంబు పొయ్యి అన్నాడు. మోత ఆగేదాకా పోశారు. సూటు తొడిగేటప్పుడు దండాసి సీసాడు తుమ్మజిగురు తెచ్చి అన్న వీపుకీ ఛాతీకీ దట్టంగా పూశాడు. నడుము దగ్గరికి వచ్చేసరికి సీసా ఖాళీ అయిపోయింది, లేకపోతే కాళ్ళకి కూడా ఆ భాగ్యం దక్కేదే.

కంపెనీ పడవ మీద అన్నదమ్ములిద్దరినీ కాపలా పెట్టి, మేడమూ ఎల్లాజీ నీళ్ళలో దిగారు. అడుగుకి చేరారో లేదో, కుండెడు నీళ్ళూ తిరుగుదారి అడిగాయి. నీళ్ళు చూస్తే చలి, సూటు చూస్తే బిగుతు. ఎల్లాజీ బడిలో నేర్చుకున్నది అదొక్కటే కనక, చిటికెనవేలు ఎత్తి చూపించాడు. మేడం అర్థం చేసుకుని, కానివ్వమని తలూపింది.

బడిలో పంతులు తలూపితే గోడ పక్కకి వెళ్ళాలి. ఎల్లాజీ గోడ కోసం వెతికాడు. ఒక పెద్ద రాయి దొరికింది. దాని వెనక్కి చేరి నిలబడ్డాడు. ఎదురుగా చేపలు. రెప్పలైనా వెయ్యవు, చూపైనా తిప్పవు. పరాయివాళ్ళు చూస్తుండగా ఎలా పోస్తాడు? పక్కకి తిరగమని సైగ చేశాడు. అవి ఇంకో పదింటిని పిలుచుకొచ్చాయి. ఎల్లాజీ కాళ్ళు దగ్గరగా బిగించుకుని పైకి తేలిపోయాడు.

పడవ మీద అన్నదమ్ములు కంగారుపడ్డారు. వెనకే వచ్చిన మేడం, ఇందులో సిగ్గుపడ్డానికి ఏముందండీ అంది.

"డైవరన్నాక ఎవరైనా సూట్లోనే కానిచ్చేస్తారు. తర్వాత కడుక్కుంటాం. అది చేతకానివాడు ఈ పనికి పనికిరాడు ఎల్లాజీ. కళ్ళు మూసుకుని పారే నీళ్ళని తలుచుకోండి, అదే వస్తుంది."

ఉద్యోగం ఎక్కడ ముడిపడిందో అప్పటికి తెలిసింది ఎల్లాజీకి. కొర్లమ్మను తలుచుకుని మళ్ళీ దూకాడు. అడుగున కళ్ళు మూసుకుని పారే నీళ్ళని తలుచుకున్నాడు. అతనికి తెలిసిన పారే నీళ్ళు ఊరిపక్క కాలవే. అందులో వేసవి మొదలైన దగ్గర్నుంచీ చుక్క లేదు. అంతే, రాబోయేది కూడా ఆగిపోయింది.

పైన పోలయ్య ఊరుకుంటాడా? చంటిపిల్లలకి నీళ్ళ చప్పుడు వినిపిస్తే చాలు కదా, ఆ చప్పుడేదో మనమే వినిపిద్దాం అన్నాడు. చెంబుతో నీళ్ళు ముంచి, సన్నటి ధారగా సముద్రంలోకే వంచసాగాడు. దండాసి పక్కన కూర్చుని స్‌స్‌స్ అని ఈల వేశాడు. అడుగున ఉన్నవాడికి ఏమీ వినిపించలేదు. వినిపించింది ఆ ఇద్దరికే. ఇంకేముంది, ఇద్దరి పంచెలూ తడిశాయి.

"పనిచేస్తందన్నయ్యా," అన్నాడు దండాసి సంతోషంగా.

"మరి నా మందంటే ఏటనుకున్నావు. ఇంకో చెంబు ముంచు."

ఎల్లాజీ పైకి వచ్చేటప్పుడు చిక్కుకున్న వలంతా విడదీసి భుజాన వేసుకొచ్చాడు. సూట్లో మాత్రం చుక్క పడలేదు. అయినా మేడం ముఖం వెలిగిపోయింది. ఇంత శుభ్రంగా వల తీసినవాణ్ణి చూడలేదు, ఇక ఆ ఒక్కటీ కూడా సూట్లో కానిస్తే రేపట్నించి పనిలోకి రావచ్చు అని, ఒడ్డుకి చేరాక సిలిండర్లు దింపుకోవడానికి షెడ్డులోకి వెళ్ళింది.

ఎల్లాజీకి నడుము వంగడం లేదు, అడుగు పడడం లేదు. ముందు సూటు విప్పరా బాబూ, బిగుతుకే రావడం లేదు అని మూలిగాడు. లాగితే జిగురు వదల్లేదు, ఎల్లాజీ చర్మమే కదిలి వచ్చింది. పోలయ్య చేపలు కోసే కత్తి తీసుకుని పైసగం ముక్కలు ముక్కలుగా కోసి పారేశాడు. కింది సగం మేక తోలు ఒలిచినట్టు ఒలిచాడు. లుంగీ చుట్టుకున్న ఎల్లాజీ సరుగుడు చెట్లకేసి పరుగు లంకించుకోబోతే, పోలయ్య చెయ్యి పట్టి ఆపాడు.

"ఎక్కడికిరా? ఉద్యోగం సూట్లో ఉంది, తుప్పల్లో లేదు."

ఎంత తెలివి. ఎల్లాజీ కళ్ళు చెమర్చాయి. దండాసి సూటు కాళ్ళు రెండూ కింద ముడేశాడు. పెద్దవాడొకవైపు, చిన్నవాడొకవైపు సూటు నడుము పట్టుకుని సంచి మూతిలా తెరిచి నిలబెట్టారు. నడిమివాడు చేపలు లేవని నాలుగు దిక్కులా చూసుకుని, పొద్దుట్నించీ మోసిన కుండ దింపేశాడు.

మేడం షెడ్డులోంచి వచ్చేసరికి ఆవిడ ఎదురుగా ముగ్గురూ వరసగా నిలబడి ఉన్నారు. పోలయ్య చేతుల్లో సగం సూటు, బరువుకి కిందికి వేలాడుతూ.

"సూట్లోనే పోశాడండి మేడమ్మగారూ. ఒక్క చుక్క కింద పడలేదు, సూసుకోండి."

ఆవిడ ఇసుకలో పడున్న రబ్బరు ముక్కలకేసి చూసింది. వేలాడుతున్న సగానికేసి చూసింది. నుదురు పట్టుకుని అక్కడే కూలబడింది.

పోలయ్య సూటు ఎత్తి, ఎంతదాకా వచ్చిందో వెలుతురుకి పెట్టి చూశాడు. మోకాళ్ళ దగ్గరే ఆగిపోయింది. మేడం ముఖం ఎందుకు వాడిపోయిందో అతనికి ఇట్టే తెలిసిపోయింది.

"కొలత తగ్గిందిరా తమ్ముడూ," అన్నాడు దండాసితో. "నువ్వు ఇంటికి పరిగెత్తి అమ్మనీ మీ వదిననీ పిల్లలనీ అందర్నీ తీసుకురా. అట్నించటే కొర్లమ్మ పుట్టింటికి కూడా కబురెట్టు, మొగుడికి ఉద్యోగం వచ్చేసినట్టే, మామగారితో సహా బయల్దేరమను. దారిలో మాత్రం ఎవరూ ఎక్కడా పక్కకెళ్ళొద్దని గట్టిగా సెప్పు."