ఎవరూ కాదనలేదు

అప్పుడే తెల్లవారింది. సన్నగా తుంపర. గురువు నాగలింగయ్యగారి ఇంటి బయట సూరపరాజుగారు నిలబడి ఉన్నారు. ఆయన గురువుగారి శిష్యులు, సంస్థానం సభలో సభ్యులు. నేను ఆ ఇంట్లో వంట చేస్తాను.

కిటికీలోంచే అడిగారాయన. "కొత్త న్యాయాధికారిని నేను వద్దనలేదు. ఇంకా అడగవలసింది ఉందన్నాను, అంతే. ఒక్క సభ్యుడు అలా అన్నా విషయం వచ్చే వారానికి పోవాలని సభ నియమం. నియమాన్ని వాడుకోవడం తప్పా, గురువుగారూ?"

ఏడు వారాలుగా ఆ మాటే అంటున్నారు. న్యాయపీఠం ఖాళీ. అడవిలో కలప కొట్టారని పట్టుకుపోయిన మా పేట కుర్రాళ్ళు అయిదుగురిని విచారించేవారే లేరు. అందులో ఒకడు నా పెంటయ్య.

గురువుగారు వాదించలేదు. "కూర్చుని మాట్లాడుకుందాం నాయనా. లోపలివాళ్ళందరూ సరే అంటే తలుపు తీస్తారు" అన్నారు.

గురువుగారు కాక లోపల మేం నలుగురం. ఒక శిష్యుడు, వచ్చినాయన ఏ దారిన వచ్చారో తెలియాలన్నాడు. ఇంకొకడు, కాళ్ళకు బురద ఎంతుందో చూడాలన్నాడు. మూడోవాడు ఆవులించి, "నేనింకా ఆలోచించుకోవాలి" అన్నాడు. తుంపర కాస్తా వానయింది.

"నన్ను రావద్దన్నది ఎవరయ్యా?" బయటినుంచి కేక.

"ఎవరూ కాదనలేదు నాయనా" అన్నారు గురువుగారు. నా వైపు తిరిగారు. "కొండమ్మా, ఇక నువ్వే."

నాకూ అడగవలసింది ఉంది. ఏడు వారాలుగా గొంతులోనే ఉంది. గడియ మీద చెయ్యి వేశాను. తీశాను.

ఆయన నీళ్ళోడుతూ వచ్చి, "నువ్వేమీ అడగవా?" అన్నారు.

"తడిసిపోతున్నారు కదా బాబూ."

"ఈమె కొడుకు ఠాణాలో ఉన్నాడు" అన్నారు గురువుగారు.

ఆ వారం సభలో సూరపరాజుగారు నోరు విప్పలేదు. కొత్త న్యాయాధికారి కూర్చున్న మొదటి పూటే కేసు తేలిపోయింది. అది గాలికి కూలిన చెట్టట. ఒక్క పూట!

సాయంత్రం సూరపరాజుగారు వచ్చి గురువుగారి కాళ్ళ దగ్గర కూర్చున్నారు. "ఇప్పుడు సరిపోయిందా, గురువుగారూ?"

"ఆమె లెక్క ముగియనీ, నాయనా."

నేను అరుగు మీద నిలబడి, విడుదలై దారిన వస్తున్న కుర్రాళ్ళను చూస్తూ వేళ్ళు ముడుస్తున్నాను. పెంటయ్య. ఎర్రయ్య. సన్యాసి. గవిరయ్య. అప్పన్న ఆరోవారంలోనే ఠాణాలో జ్వరంతో పోయాడు. తెలుసు. తెలిసీ, అయిదో వేలు ముడవకుండా, దారి వైపే చూస్తూ నిలబడ్డాను.