గవరయ్య బురదమడి

తుమికికొండ అడవిలో మూడు దారులు కలిసేచోట ఒక నల్లబండ ఉంది. దాని మీద గవరయ్య అనే నక్క కూర్చుని, అడిగినవారికల్లా దారి చెబుతుండేవాడు. ఏ వాగులో ఇంకా నీళ్లున్నాయి, ఇప్పపూలు ఏ పక్క రాలుతున్నాయి, కడుపునొప్పికి ఏ చెట్టు బెరడు నమలాలి, వేటగాళ్లు ఏ లోయలో ఉచ్చులు పన్నారు, ఏదడిగినా రెప్పపాటులో జవాబు. కాకులు నాలుగు దిక్కుల నుంచీ అతనికి కబుర్లు మోసేవి. నక్కంటే జిత్తులమారి అని పెద్దలు ఊరికే అనలేదు గానీ, పైకి చూస్తే గవరయ్యంత మర్యాదస్తుడు ఆ చుట్టుపక్కల మరొకడు లేడు. కుందేలునైనా "రండి, దయచేయండి" అనేవాడు. చెప్పినందుకు గడ్డిపరకైనా పుచ్చుకునేవాడు కాడు.

ఒక్కటే ఆచారం పెట్టాడు. బండ పక్కన సన్నని ఊట ఉంది. దాని కింద నేల ఎంత ఎండాకాలంలోనైనా వరిమడిలా మెత్తగా ఉండేది. అడగవచ్చినవాళ్లు ముందు ఆ బురదలో ఒక కాలు మోపి, ఆ తర్వాతే నోరు విప్పాలి. ఎందుకని మొదట్లో ఎవరో అడిగితే, "మళ్లీ వచ్చినప్పుడు గుర్తుపట్టడానికే నాయనా. ఏనుగుకి చెప్పే దారి ఎలుకకి చెబితే ఏం లాభం? ఎవరికి తగ్గది వాళ్లకు చెప్పాలిగా" అన్నాడట. ఆ మాట పూర్తిగా అబద్ధమూ కాదు. అబద్ధానికి కొంచెం నిజం కలపకపోతే ఎవరికీ అరగదు.

ఇవాళ మనం ఫోనులో మోకాలినొప్పి గురించి ఒక్కమాట వెతికితే, మర్నాటి పొద్దున్నే తైలాలవాళ్లూ పట్టీలవాళ్లూ వరసకట్టి పలకరిస్తారు. మన మోకాలి సంగతి వాళ్లకెవరు చెప్పారని మనం అడగం. ఆ అడవిలో ఫోన్లు లేవు. గవరయ్య ఉన్నాడు.

ఇక వెంపలి సంగతికి వస్తాను. వెంపలి ఒక ఆడదుప్పి. చిన్నప్పుడు రాళ్లలో జారిపడి ఎడమ ముందుకాలి గిట్ట కొన చిట్లింది. అంతకుమించి చెప్పుకోదగ్గ విశేషం ఆమెకేమీ లేదు. కిందటేడు ఈనిన మూడోరోజున పిల్లని వెంటబెట్టుకుని గవరయ్య దగ్గరికి వెళ్లింది. పాలుపడే పచ్చిక ఎక్కడుందని అడిగింది. పాలవాగు మలుపులో ఉందన్నాడు. పచ్చిక నిజంగానే ఉంది. దాని వెనక చిరుతపులి కూడా ఉంది. పిల్ల దక్కలేదు. అడవి అన్నాక చిరుత ఎదురుపడక మానదు, తన రాత అలా ఉందని వెంపలి ఏడ్చి ఊరుకుంది. ఇప్పుడు మళ్లీ చూలు. ఈనడానికి చాటైన చోటు కావాలి. ఏం తోచక మళ్లీ నల్లబండకే వచ్చింది.

మిట్టమధ్యాహ్నం. బండ మీద గవరయ్య లేడు. ఎండకు తాళలేక వెంపలి బండ వెనకనున్న గుహ మొదట్లో నిలబడింది. కళ్లు చీకటికి అలవాటుపడ్డాక చూస్తే, గుహ నిండా మట్టిపలకలు పేర్చి ఉన్నాయి. బురద సగం ఆరాక గోళ్లతో కోసి, ఎండబెట్టి దాచిన పలకలు. ఒక్కొక్క పలక మీద ఒక్కొక్కరి అడుగు. అడుగు పక్కన గోటిగీతలు. ఏనుగు అడుగు పక్కన ఒక గీత. కుంటి కుందేలు అడుగు పక్కన రెండు. ఆ కుందేలు పోయిన నెల నుంచి కనిపించడం లేదు. దాని అడుగు మీదుగా అడ్డంగా ఒక గీత గీసి ఉంది.

మూడు గీతల పలకలన్నీ, పిల్లతల్లులవీ చూలువాళ్లవీ, వేరే వరసలో ఉన్నాయి. ఆ వరసలో చిట్లిన గిట్ట ఒకటి కనబడింది. దాని పక్కనే, చింతగింజంత అడుగులు రెండు. తల్లి వెనకాల నిలబడలేక బురదలోకి జారిన పిల్ల అడుగులు. వాటి మీద అడ్డగీత ఉంది. తన అడుగు మీద మాత్రం ఇంకా లేదు.

వెంపలి ఆ చిన్న అడుగులను ముట్టెతో ఒకసారి తాకింది. మట్టి వాసన తప్ప ఇంకేమీ లేదు.

అంతలో అలికిడైంది. పొద చాటుకి తప్పుకుని చూస్తే, చిరుత ఉండే కొండచరియ వైపు నుంచి గవరయ్య వస్తున్నాడు. నోట్లో కణుజు తొడ ఎముక. పదిమంది నక్కలు కూడినా అంత పెద్ద జింకను పడగొట్టలేరు. గడ్డిపరక కూడా పుచ్చుకోని ధర్మాత్ముడు ఇన్నాళ్లూ ఏం తిని ఇంత నిగనిగలాడుతున్నాడో వెంపలికి అప్పుడు అర్థమైంది.

ఆమె పారిపోలేదు. ఎండ వాలి నీళ్ల దారి అడిగేవాళ్లంతా వరసకట్టేదాకా ఆగి, తనూ వరసలో నిలబడింది. తన వంతు రాగానే బురదను దాటి పక్కన నిలబడి, ఈనడానికి చాటు ఎక్కడుందని అడిగింది.

"కాలు మోపలేదేం తల్లీ?" అన్నాడు గవరయ్య.

"దారి చెప్పడానికి నా కాలెందుకు బాబాయ్? నోటితో అడిగాను. నోటితో చెప్పు."

"ఆచారం కదమ్మా."

"నువ్వు పెట్టిందేగా. నువ్వే తీసెయ్యి."

వరసలో గుసగుసలు లేచాయి. ఆమె వెనకే నిలబడ్డ అడవిదున్న భూపతికి చిరాకేసింది. కొండంత మనిషి అంటారే, అలాంటి దున్న. దాహంతో ఉన్నాడు. "ఒక అడుగు వేస్తే అరిగిపోతావా చెల్లెమ్మా? ఇన్నేళ్ల నుంచి వేస్తున్నాను, నాకేమైంది? దాచుకోవడానికి నా దగ్గర ఏముందని?" అన్నాడు.

గవరయ్యకి ఆ మాట అందివచ్చింది. "అదీ సంగతి. కాలు మోపనంటున్నారంటే ఏదో దాస్తున్నారన్నమాటే" అని నవ్వాడు.

"దాస్తున్నాను" అంది వెంపలి. "కడుపులో దాస్తున్నాను. భూపతన్నయ్యకి కొమ్ములున్నాయి, ఆయన ఏమీ దాచుకోకపోయినా చెల్లుతుంది. నాకున్న చాటు ఒక్కటే, నేనెక్కడున్నానో ఎవరికీ తెలియకపోవడం. అది మాత్రం నీకివ్వను."

గుహలో చూసిందంతా అక్కడే అందరికీ చెప్పింది. గవరయ్య ఏమాత్రం తొణకలేదు. అభిమానం కొద్దీ దాచుకున్న గుర్తులన్నాడు. చనిపోయినవాళ్ల అడుగుల్ని పారెయ్యడానికి మనసొప్పలేదని కళ్లు తుడుచుకున్నాడు. దాహంగా ఉన్నవాడికి రుజువులు అక్కర్లేదు, నీళ్లు కావాలి. ఒక్కొక్కరే కాలు మోపి, దారి తెలుసుకుని వెళ్లిపోయారు. గవరయ్య కాదంటే అడవిలో ఇంకెవర్ని అడగాలని భూపతి పోతూ పోతూ అన్నాడు. వెంపలికి ఆ ప్రశ్న ఒక్కటే పనికొచ్చింది.

ఇంకెవర్ని అడగాలి? రెండురోజులు తిరిగితే, వెదురుపొదల అవతల నేలబొరియలో సూరమ్మవ్వ అనే ముళ్లపంది ఉందని తెలిసింది. దుంపల కోసం అడవినంతా గుల్లగా తవ్విన ముసలిది. ఏ నేల కింద తడి ఉందో ఆమెకు తెలిసినంతగా కాకులకేం తెలుస్తుంది? కాకి పైన ఎగిరేది. అయినా ఆమెనెవరూ అడగరు. బొరియలోంచి బయటకు రాదు, రండి దయచేయండి అనదు.

వెంపలి బొరియ దగ్గర నిలబడి, "అవ్వా, నేను..." అంది.

"నువ్వెవరో చెప్పకు" అంది లోపలి గొంతు. "ముసలితల, ఎందుకొచ్చిన బరువు. ఏం కావాలో చెప్పు."

"ఈనడానికి చాటు."

చాలాసేపు లోపల్నుంచి ఉలుకూ పలుకూ లేదు. గవరయ్యైతే ఈపాటికి మూడు చోట్లు చెప్పేవాడు. చివరికి అవ్వ, తనకు ఒక్కచోటు మాత్రం తెలుసునని, అది కొంచెం దూరమని, తెలియనిచోట్లు తెలుసునని చెప్పనని అంది. చోటు చెప్పింది. తర్వాత, "ఎక్కడైనా మంచి దుంపలు కనబడితే వచ్చి చెప్పి పో. అది నా కూలి. తాకట్టుగా నీ జాడ నాకొద్దు. పోయేటప్పుడు ఆ కొమ్మ నోట కరుచుకుని, వచ్చిన దారి ఊడ్చుకుంటూ పో. నేను పొరపాటున చూసినా నాకు కనబడకూడదు" అంది.

గడప దగ్గర నిజంగానే ఆకులున్న కొమ్మ ఒకటి పడి ఉంది. వెంపలి ఊడ్చుకుంటూ వెళ్లింది.

మంచి మాట మెల్లగా నడుస్తుందంటారు, నడిచింది. మొదట పిల్లతల్లులు వచ్చారు. తర్వాత కుంటివాళ్లు. కొందరు అవ్వ జవాబు ఆలస్యమని విసుక్కున్నారు, కొందరు తమ పేరు పెట్టి పిలవదని నొచ్చుకున్నారు. అయినా ఎవరి కొమ్మ వాళ్లు పట్టుకుని ఊడ్చుకుంటూ పోయారు. నల్లబండ దగ్గర బురద మీద అడుగులు పలచబడ్డాయి. మిగిలినవన్నీ ఏనుగులవీ దున్నలవీ. ఒక గీత పలకలు చిరుతకేం చేసుకోను? అడవంతా దొర అని పిలిచే ఆ చిరుత, ఏళ్ల తరబడి చెప్పినచోటికి వెళ్లి తినడానికే అలవాటుపడి వెతకడం మరిచిపోయాడు. మూడురోజులు పస్తుండేసరికి గవరయ్య మెడ మీద పంజా పెట్టి, రేపు సాయంత్రానికి మూడు గీతలది ఒకటి చూపించమన్నాడు. లేకపోతే నక్కమాంసం చేదో తీపో చూస్తానన్నాడు.

గవరయ్య వెతుక్కుంటూ, మేతకు బయటికొచ్చిన వెంపలి దగ్గరికే వచ్చాడు. ఆచారం పాటించకపోతే పోనీ, నువ్వు మాత్రం నా కూతురు లాంటిదానివన్నాడు. నీకోసమే ఒక చోటు అట్టిపెట్టాను, మోదుగుగొంది, గాలి కూడా దూరదన్నాడు. పాత స్నేహం కొద్దీ ఒక్కసారి కాలు మోపి పొమ్మన్నాడు.

వెంపలి తలొంచుకుంది. తప్పయిందని, నొప్పులు మొదలయ్యేలా ఉన్నాయని, రేపు పొద్దున్నే వస్తానని చెప్పింది. అతను అటు పోగానే ఇటు సూరమ్మవ్వ దగ్గరికి వెళ్లి ఒక సాయం అడిగింది. లోపల్నుంచి చిన్న నవ్వు వినబడింది.

"మోదుగుగొందిలోనా? మంచి దుంపలున్న చోటే. నా వీపు ఎవరూ తట్టి చాలాకాలమైంది, పద" అంది అవ్వ.

మర్నాడు వెంపలి గవరయ్య ముందే నాలుగు కాళ్లూ బురదలో దించేసింది. ఆ తడికాళ్లతోనే మోదుగుగొంది దాకా నడిచి, లోపలికి దూరి, రెండోవైపున్న రాతిబండల మీదుగా బయటపడింది. రాళ్ల మీద చేరేసరికి కాళ్ల తడి ఆరిపోయింది, జాడ లేదు. చిట్లిన గిట్ట గుర్తులు గొందిలోకి వెళ్లడమే గానీ రావడం లేదు. సాయంత్రం గవరయ్య దొరను వెంటబెట్టుకుని వచ్చాడు.

"ఈ గిట్ట చూడండి దొరా. నాలుగేళ్లుగా ఎరుగుదును. కళ్లు మూసుకుని దూకండి."

దొర కళ్లు మూసుకునే దూకాడు. లోపల సూరమ్మవ్వ గోడవైపు తిరిగి దుంప నములుతోంది. ముళ్లన్నీ నిక్కబొడుచుకుని ఒక్కడుగు వెనక్కి వేసింది, అంతే. దొర బయటకొచ్చేసరికి ముక్కు, మూతి, రెండు పంజాలు దబ్బనాలు గుచ్చిన సూదులపెట్టెలా ఉన్నాయి.

"నాలుగేళ్లుగా ఎరుగుదునన్నావు కదరా" అన్నాడు మూలుగుతూ, గవరయ్య వైపు తిరిగి.

గవరయ్య పరుగందుకున్నాడు. గుహలో దాక్కుందామని నల్లబండ వైపు ఉరికి, కంగారులో తన బురదమడిలోనే పడ్డాడు. లేచి బండ దాటి, గుహ దాటి, కొండెక్కి పారిపోయాడు. అడుగడుగునా తడిమట్టి ముద్రలు పడ్డాయి. ఇన్నేళ్లలో ఆ మడిలో పడని అడుగు ఒక్కటే ఉండేది, అదీ పడింది. దొర కుంటుకుంటూనే ఆ జాడ పట్టుకుని కొండ మీదికి పోయాడు. ఇద్దరూ మళ్లీ తుమికికొండలో కనిపించలేదు. తేలుకు పెత్తనమిస్తే తెల్లవార్లూ కుట్టిందంటారు గానీ, ఆఖరి కాటు ఎవరికి పడిందో ఎవరూ చెప్పరు.

మర్నాడు అందరూ గుహ దగ్గర చేరారు. భూపతి ఎవరికీ కనబడకుండా తన పలక వెతుక్కున్నాడు. దాని పక్కన రెండు గీతలున్నాయి. కుడి వెనకకాలు కొన్నాళ్లుగా సలుపుతోందని అతను పెళ్లానికి కూడా చెప్పలేదు. ఆ సలిపే కాలితోనే పలకలన్నీ పొడి చేసేదాకా తొక్కాడు. చిన్న అడుగులున్న పలక దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆగి వెంపలి వైపు చూశాడు. ఆమె తల ఊపింది. దాన్నీ తొక్కాడు.

వెంపలి ఆ వారంలోనే ఈనింది. ఎక్కడని అడుగుతారు కదూ. కథ చెప్పేవాడికీ తెలియదు. తెలిసిన సూరమ్మవ్వ చెప్పదు.

దారి చెప్పినవాడికి దండం పెట్టు, నీ అడుగుజాడ మాత్రం వాడి చేతిలో పెట్టకు.