పేషెంటు తాలూకు

నా కష్టమల్లా గుడ్లు చిరగకపోవడంతో మొదలైంది.

పుర్రె అడుగు ఎముకల్లో లేచే గడ్డల్ని, ముఖాన గాటు పడకుండా ముక్కులోంచే వెళ్లి తీయడంలో డాక్టర్ గజపతి గారు దిట్ట. ఆయన దగ్గర మొదటి పాఠం కోడిగుడ్డు. డ్రిల్లుతో పెంకు అరగదీయాలి, లోపలి పల్చటి పొర చిరగకూడదు. చిరిగినవాటిని హాస్టలు గదిలో ఒక్కణ్ణే అట్టు పోసుకు తినేవాణ్ణి. ఆర్నెల్లలో విద్య ఎంత వచ్చిందో గానీ పొట్ట వచ్చింది. చివరి ముప్ఫై గుడ్లలో ఒక్కటీ చిరగలేదు. చెప్పుకుందామంటే ఎవరూ లేక అద్దానికి చెప్పాను. అది నమ్మింది.

అప్పుడు మా వార్డులో చేరింది సువార్తమ్మ. చీరలకు ఫాల్ కుట్టి బతికే మనిషి. ఎడమకన్ను చిన్నప్పుడే పోయింది. ముక్కు వెనకాల ఎముకలో గడ్డ లేచి కుడికంటి నరాన్ని నొక్కుతోంది. క్యాన్సరు కాదు, పాకదు, ఊరికే పెరుగుతుంది. గురువు గారు దాన్ని తొలిచేశారు, నేను కెమెరా గొట్టం పట్టుకున్నాను. నరాన్ని అంటుకున్న బియ్యపుగింజంత ముక్క దగ్గర ఆయన డ్రిల్లు ఆపేశారు. చూపు నిలబడింది.

మర్నాడు స్కానులో ఆ ముక్క తెల్లగా నన్ను వెక్కిరించింది.

“అదీ తీసేద్దాం సార్. నేను తీస్తాను.”

“నరాన్ని నొక్కుతోందా?”

“లేదు సార్. స్కాను శుభ్రంగా ఉంటుందనీ...”

ఆయన సొరుగులోంచి ఒప్పుదల కాగితం తీసిచ్చారు. “చూపు పోవచ్చని చెప్పి సంతకం తీసుకో. ‘పేషెంటు తాలూకు’ అన్నచోట కూడా.”

వార్డులో అది చూడ్డానికొచ్చేవాళ్ల వేళ. మంచాల చుట్టూ క్యారియర్లు, కబుర్లు. సువార్తమ్మ పక్క స్టూలు ఖాళీ. ఆవిడ ఆసుపత్రి దుప్పటికున్న చిరుగు కుడదామని సూదిలో దారం ఎక్కిస్తోంది.

చెప్పవలసింది చెప్పాను.

“నువ్వెట్లా అంటే అట్లాగే బాబూ” అని సంతకం పెట్టింది.

“మీ తాలూకు ఎవరున్నారమ్మా?”

“ఈ కన్నే.” దారం కొస ముడేస్తూ అంది, “ఎవరో ఒకరు కావాలంటే నువ్వే పెట్టు. రోజూ వచ్చేది నువ్వేగా.”

గురువు గారికి ఆ మాట చెప్పి కాగితం బల్ల మీద పెట్టాను. ఆయన కలం మూత తీసి నా చేతికిచ్చారు.

“పెట్టు.”

గుడ్ల మీద వణకని చెయ్యి కాగితం మీద కదల్లేదు. ఆయన తొందరపెట్టలేదు. ఒక్కటే అడిగారు.

“పొర చిరిగిన గుడ్లు ఏం చేశావు?”

“తినేశాను సార్.”

ఆయన కలం తీసుకుని మూత పెట్టారు.

కాగితం మడిచి జేబులో పెట్టుకుని వార్డుకు వెళ్లాను. వచ్చినవాళ్లంతా వెళ్లిపోయారు. స్టూలు ఖాళీగానే ఉంది. కూర్చున్నాను.

“పెట్టావా బాబూ సంతకం?”

“అక్కర్లేదమ్మా. ఆ ముక్క తియ్యడం లేదు.”

ఆవిడ దుప్పటి కొస నా చేతికిచ్చి పట్టుకోమంది. పట్టుకున్నాను.