నక్క పంతులు పెట్టిన పెంపకం పరీక్ష

కాలవ గట్టున సూరమ్మగారి పశువులపాక ఉంది. అందులో ఒక గేదె, ఒక మేక, ఒక కోడి కాపురం ఉంటున్నాయి. గేదె పగలంతా కాలవలోనే పడి ఉండేది. మేకకి మేత కంటే కబుర్లే ఎక్కువ ఇష్టం. కోడి పేరు చుక్కమ్మ. దానికి పిల్లల దిగులు తప్ప ఇంకో ధ్యాస లేదు.

ఆ పిల్లలు కోడిపిల్లలు కావు. బాతుకి పొదిగే ఓపిక లేదని, సూరమ్మగారు బాతుగుడ్లు తెచ్చి చుక్కమ్మ కింద పెట్టింది. చుక్కమ్మ తిండి మానుకుని పొదిగింది. పిల్లలు బయటికొచ్చి, కాళ్ళు నిలదొక్కుకోగానే తిన్నగా కాలవలోకి దిగిపోయాయి. అది మొదలు చుక్కమ్మ రోజూ గట్టు మీద అటూ ఇటూ పరిగెత్తుతూ గొంతు చించుకోవడమే.

"ఏం పెంపకమో ఏంటో వదినా!" అంది మేక. "తల్లి గట్టు మీద, పిల్లలు నీళ్ళలో. చూసినవాళ్ళు నవ్వుతున్నారు."

"అవి బాతులే. నీళ్ళలో ఉండక పొయ్యిలో ఉంటాయా?" అంది గేదె, కళ్ళు తెరవకుండానే.

చుక్కమ్మకి గేదె మాట చెవికెక్కలేదు. మేక మాట మాత్రం గుండెలో గుచ్చుకుంది. తల్లులతో వచ్చిన చిక్కే అది.

సరిగ్గా అప్పుడే నక్క బడి పెట్టింది. పిల్లలకి కాదు, తల్లులకి. ఊళ్ళో తల్లుల సమావేశాలు జరిగే అంగన్‌వాడీ కిటికీ కింద అది చాలాకాలం పడుకుంది. వెళ్ళింది గుడ్ల వాసనకి. గుడ్డు దొరకలేదు గాని, పాఠాలు మాత్రం పుష్కలంగా చెవిన పడ్డాయి. ఇంకేం, మాంసం మానేశానని, తాటిపళ్ళే తింటున్నానని చాటించుకుని, గడ్డిమేటు నీడన కూర్చుంది. పాఠం మొదలుపెట్టాక దాన్ని 'అది' అనడానికి ఎవరికీ నోరు రాలేదు. నక్క పంతులుగారు అయిపోయాడు.

"చుక్కమ్మగారూ, పిల్లలు మాట వినడం లేదంటే లోపం మీలో ఉందండి," అన్నాడు మొదటిరోజే.

"ఉందండి," అంది చుక్కమ్మ తల దించుకుని.

"అరుస్తారా?"

"అరుస్తానండి."

"ఇక అరవకండి. అరిచే తల్లిని పిల్లలు లెక్కచేయరు. మీరు ఎప్పుడైనా అలవాటు కొద్దీ అరిచినా, కదలకుండా కూర్చోమని వాళ్ళకి చెప్పండి."

"అలాగేనండి."

"ఇంకోటి. పిల్లలు చెవులతో నేర్చుకోరండి, కళ్ళతో నేర్చుకుంటారు. తల్లి ఏది చేస్తే అదే చేస్తారు. మీరు రోజూ నీళ్ళ అంచుదాకా పరిగెడితే, వాళ్ళు నీళ్ళలోకి దిగకేం చేస్తారు?"

ఈ చివరి పాఠం నిఖార్సయిన నిజం. అంగన్‌వాడీ టీచరమ్మ చెప్పిందే. అబద్ధాల మధ్య ఒక నిజం ఉంటే పంతులుకి గౌరవం పెరుగుతుందని నక్కకి తెలుసు. నీళ్ళలో ఉన్న బాతుపిల్లని తాను పట్టలేనని కూడా బాగా తెలుసు.

చుక్కమ్మ కాలవ వైపు వెళ్ళడం మానేసి పాక వెనకాల దుమ్ములో పొర్లాడింది. తల్లిని చూసి పిల్లలూ దుమ్ములోనే పొర్లాడాయి. ఈకలు మాసిపోయాయి, ఒళ్ళు చిక్కింది. అయినా చెప్పిన చోట చెప్పినట్టు కూర్చున్నాయి. మేక సైతం మెచ్చుకుంది. చుక్కమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అంత సంతోషం.

"పిల్లలు నీరసించిపోతున్నారమ్మాయ్," అంది గేదె.

"క్రమశిక్షణ అత్తా, నీకు తెలీదులే," అంది చుక్కమ్మ.

తర్వాత పరీక్ష వచ్చింది. సూరమ్మగారు పొలానికి వెళ్ళిన వేళ చూసి, పంతులు అందరినీ కాలవ గట్టుకి పిలిచాడు.

"పిల్లలు గట్టు మీద వరసగా కూర్చోవాలి. ఏం జరిగినా కదలకూడదు. మీరు వాళ్ళకి ముందు, నీళ్ళ అంచున, కాలవ వైపు తిరిగి నిలబడండి. వెనక్కి చూశారో, తప్పినట్టే."

కోడి నీళ్ళలోకి అడుగుపెట్టదు కదా అని పంతులు ధీమా. చుక్కమ్మ చెప్పినట్టే నిలబడింది. వెనక పిల్లలు బుద్ధిగా కూర్చున్నాయి. గాలి లేదు. కాలవ నీళ్ళు నిలకడగా ఉన్నాయి. ఆ నీళ్ళలో గట్టంతా కనిపిస్తోంది. పిల్లల వరస కనిపించింది. వరస వెనకాల, పొట్ట నేలకానించి పాకుతూ వస్తున్న పంతులు కనిపించాడు. నోరు తెరిచి ఉంది.

చుక్కమ్మకి ప్రాణం పోయినంత పనైంది.

"పరిగెత్తండ్రా!" అని గావుకేక పెట్టింది.

ఒక్క పిల్ల కదల్లేదు.

"అరవకూడదమ్మా, పరీక్ష," అంది చిన్న పిల్ల మెల్లగా.

తాను నేర్పిన పాఠమే అది. ఇంక చెప్పడానికి చుక్కమ్మ దగ్గర మాట మిగల్లేదు. చేయడానికి మాత్రం ఒకటి మిగిలింది. కళ్ళు గట్టిగా మూసుకుని, రెక్కలు కొట్టుకుంటూ కాలవలోకి దూకేసింది.

తల్లి దూకడం చూసిన పిల్లలు టపటపా వెనకే దూకాయి. అదే క్షణాన పంతులు కూడా దూకాడు, పిల్లలున్న చోటికి. నోటి నిండా గట్టు మన్ను వచ్చింది.

నీళ్ళలో మునిగి తేలుతున్న చుక్కమ్మ కిందికి గేదె మెల్లగా వచ్చి వీపు అందించింది. చుక్కమ్మ పైకెక్కి దగ్గుతూ కూర్చుంది. చుట్టూ పిల్లలు హాయిగా ఈదుతున్నాయి. అవి ఎంత అందంగా ఈదుతాయో చుక్కమ్మ అంత దగ్గరగా చూడటం అదే మొదటిసారి.

"తప్పారండీ! మీరు పరీక్ష తప్పారు!" అని అరిచాడు పంతులు, మన్ను ఉమ్ముకుంటూ.

"తల్లి చేసిందే పిల్లలు చేస్తారని మీరేగా చెప్పారండి," అంది చుక్కమ్మ, తడిసిన ఈకలు దులుపుకుంటూ. "ఆ పాఠం ఒక్కటీ బాగా వంటబట్టింది."

"ఈసారైనా అరవకుండా చెప్పావమ్మాయ్," అంది గేదె, నీళ్ళలోకి ఇంకాస్త సాగుతూ.

నక్క ఆ పూట నిజంగానే తాటిపండు తింది.

నీతి: పిల్లలు మన మాట పెడచెవిన పెట్టొచ్చు గాని, మనం వేసిన అడుగును మాత్రం వదిలిపెట్టరు.