జడ కోలాటంలో మూడు ఇంటూలు

సాంబ్రాజ్యమ్మ టీచరును ఏదైనా అడగాలంటే తీరిక చేసుకుని వెళ్ళాలి. అడిగినదానికి ఆవిడ నోటితో జవాబు చెప్పడం అరుదు. ఏదో ఒక పని పురమాయిస్తుంది, లేదంటే అక్కడ కూర్చుని చూడమంటుంది. చూసినవాళ్ళకు జవాబు దొరికిందా సరే, దొరకలేదా, మర్నాడు మళ్ళీ వచ్చి కూర్చోవాలి. నిమ్మతోటల మధ్య ఉన్న ఆ ఊళ్ళో ముప్పై ఏళ్ళుగా పసిపిల్లల బడి నడుపుతూ, సాయంత్రాలు వాళ్ళకే కోలాటం నేర్పే మనిషి ఆవిడ. ఆవిడ దగ్గర పని నేర్చుకుంటున్న హైమావతికి ఈ సంగతి తెలియక కాదు. అయినా ఆ రోజు అడగక తప్పలేదు.

హైమావతి పట్నంలో పిల్లల మనసు ఎలా ఎదుగుతుందో చదువుకుని వచ్చింది. ఆ చదువును తీసిపారేయడానికి లేదు. ఐదారేళ్ళ పిల్ల చెయ్యి చాపబోయి ఎలా ఆపుకుంటుంది, చెప్పిన మాట ఎంతసేపు మనసులో నిలుపుకుంటుంది, ఆట నియమం తిరగబడితే తనూ ఎలా తిరుగుతుంది, ఈ మూడూ కలిస్తేనే పిల్ల తనను తాను నడుపుకోగలదని, అక్షరాలకంటే ముందు కావలసింది అదేనని ఆమె నమ్మకం. వాటిని కొలవడానికి ఒక ఫారం తయారు చేసుకుంది. ఆగడం, గుర్తుంచుకోవడం, మారడం అని మూడు గళ్ళు. ఒకసారి చప్పట్లు కొడితే పిల్ల నడవాలి, రెండుసార్లు కొడితే ఆగాలి. కాసేపయ్యాక అంతా తలకిందులు చేస్తారు. సరిగా చేస్తే టిక్కు, తప్పితే ఇంటూ. ఒకటో తరగతికి ఎవరిని పంపాలో, ఎవరిని ఇంకో ఏడు ఇక్కడే ఆపాలో 'పంపాలి', 'ఆపాలి' అని రెండు జాబితాలుగా ఈసారి హైమావతే రాయాలి.

వెంగమ్మ దగ్గర చిక్కొచ్చి పడింది. ఐదున్నరేళ్ళ పిల్ల, పదింటికి ఏడు తప్పింది. తల్లి పోలమ్మ నిమ్మతోటలో కాయలు కోసే మనిషి. "పై తరగతికి పంపితే పంపండి, లేకుంటే నా వెంట తోటకు తోలుకుపోతా. రాలిన కాయలన్నా ఏరద్ది" అని తేల్చి చెప్పేసింది. తోటకు అలవాటుపడిన పిల్ల మరుసటేడు పలక పట్టుకుని తిరిగిరావడం ఆ ఊళ్ళో ఎవరూ చూడలేదు. హైమావతి టీచరు దగ్గరికి వెళ్ళింది.

"టీచర్‌గారూ, పసిపిల్ల తనను తాను ఎంత పట్టుకోగలదో నిక్కచ్చిగా కొలిచేదెట్లా?" అని అడిగింది.

"సాయంత్రం జడ కోలాటం ఉంది. నీ ఫారం కూడా కొత్తది ఒకటి తెచ్చుకో" అంది టీచరు.

పందిరి నడుమ కొక్కేనికి ఎనిమిది రంగుల తాళ్ళు కట్టారు. తాడుకొక పిల్ల. నలుగురు కుడికి, నలుగురు ఎడమకు తిరుగుతారు. ఒక జట్టు ఎదురుపడిన మొదటి వాళ్ళకు లోపలగా, ఆ తరవాతి వాళ్ళకు బయటగా, మళ్ళీ లోపలగా సాగాలి, రెండో జట్టు దానికి తిరగేసి. అలా తిరిగేకొద్దీ పైనుంచి జడ అల్లుకుంటూ దిగుతుంది. ఎదురు జట్టులో నలుగురినీ తలా ఒకసారి దాటితే ఒక చుట్టు. మూడు చుట్లయ్యాక టీచరు "తిరగండి" అంటుంది. అప్పుడు వచ్చిన దారినే వెనక్కి నడిచి జడ విప్పాలి. ఒక్క అడుగు తేడా వచ్చినా తాళ్ళు ముడిపడి కూర్చుంటాయి. పోయినవారం అలాగే ముడిపడితే నిచ్చెన వేసి విప్పేసరికి అరగంట పట్టింది.

పాట మొదలైంది. మొదటి చుట్టులోనే వెంగమ్మకు ఎదురుగా మస్తాను అనే పిల్లాడు వచ్చాడు. బయటగా పోవలసిన పిల్ల వాడి తాడు కింద దూరి లోపలికి పోయింది. వాడు బిత్తరపోయి బయటికి జరిగాడు. హైమావతి ఇంటూ వేసింది. మిగతా రెండు చుట్లలోనూ మస్తాను ఎదురైన ప్రతిసారీ వెంగమ్మ పద్ధతిగా బయటగానే పోయింది. ఆ పిల్ల పాట మాత్రం పాడటం లేదు. పెదవులు వేరే ఏదో గొణుగుతున్నాయి. టీచరు తల ఎత్తి తాళ్ళకేసే చూస్తోంది, పిల్లల కాళ్ళకేసి చూడటం లేదు.

"తిరగండి."

జడ విప్పుకుంటూ వస్తోంది. మస్తాను ఒకసారి ఎదురయ్యాడు, బయటగా పోయింది. రెండోసారి కూడా అంతే. ఇంకో నాలుగడుగులైతే ఆట అయిపోతుందనగా మూడోసారి ఎదురయ్యాడు. వాడు అలవాటుగా లోపలికి రాబోతుంటే, వెంగమ్మ వాడి భుజం మీద చెయ్యి వేసి బయటికి తోసి, తను వాడి తాడు కింద దూరి లోపలికి పోయింది. హైమావతి వరసగా రెండు ఇంటూలు వేసింది. తప్పడుగు ఒకటి, పక్క పిల్లాణ్ణి తోసినందుకు ఒకటి. అదే పిల్ల, అదే తప్పు. ఇక అనుమానం దేనికని ఆ పేరు 'ఆపాలి' కింద రాసేసింది.

రాసి తలెత్తేసరికి ఎనిమిది తాళ్ళూ తిన్నగా వేలాడుతున్నాయి.

ముడి పడాలి కదా, ఎందుకు పడలేదు? హైమావతి వేళ్ళమీద లెక్కేసుకుంది. ఒకసారి వేసుకుని నమ్మలేక మళ్ళీ వేసుకుంది. మూడోసారికి ఒళ్ళు గగుర్పొడిచింది. వెంగమ్మను దగ్గరికి పిలిచి, మస్తానును ఎందుకు తోశావని అడిగింది.

"పొయ్యేటప్పుడు నేను తప్పుగా దూరితిని గదా టీచర్. వచ్చేటప్పుడు కూడా అట్నే దూరాల. లేకుంటే ముడి పడద్ది. వాడికి గుర్తు లేదు."

"అంతసేపు ఎట్లా గుర్తుపెట్టుకున్నావమ్మా?"

"చివర మస్తాను, చివర మస్తాను అనుకుంటా ఉండా" అంది పిల్ల, ఇందులో వింతేముందన్నట్టు. తాడు కొస వదిలేసి నీళ్ళకుండ దగ్గరికి పరుగెత్తింది.

హైమావతి ఆ పిల్ల ఆటను మొదటినుంచీ మళ్ళీ తలుచుకుంది. పాట ఒకవైపు లాగుతోంది. అందరి కాళ్ళూ పద్ధతిగా పడుతున్నాయి, వెంగమ్మ కాళ్ళకూ ఆ పద్ధతే అలవాటు. అదే మస్తాను రెండుసార్లు ఎదురుపడితే ఇప్పుడు కాదని ఊరుకుంది. సమయం వచ్చాక కాళ్ళను ఆపి, నియమాన్ని పక్కనపెట్టి, ఎప్పుడో వేసిన తప్పడుగును వెతుక్కుని వెనక్కి వేసింది. పాలపళ్ళు ఇంకా ఊడని పిల్ల. ఆ బుర్రలో అంత జరుగుతుంటే తను పక్కనే కూర్చుని ఇంటూలు వేసుకుంటోంది. హైమావతికి కళ్ళనిండా నీళ్ళొచ్చాయి. అవి సిగ్గుతో వచ్చాయో సంతోషంతో వచ్చాయో ఆమెకే తెలియలేదు.

పేరు కొట్టేసి 'పంపాలి' కింద రాసింది. గేటు దగ్గర ఖాళీ గంపతో నిలబడ్డ పోలమ్మ దగ్గరికి పోయి, "పిల్లకు పలక కొను" అని చెప్పింది. పోలమ్మ గంప చంకన పెట్టుకుని, పిల్ల చెయ్యి పట్టుకుని వెళ్ళింది.

టీచరు తాళ్ళు చుట్టుకుంటోంది. హైమావతి ఆవిడ పక్కకు వచ్చి, మూడు ఇంటూలున్న ఆ ఫారాన్ని రెండుగా మడిచి చింపబోయింది.

"చింపకమ్మాయ్" అంది సాంబ్రాజ్యమ్మ, చూపు తాడు మీదనుంచి తిప్పకుండానే. "చింపేస్తే, నువ్వెక్కడ తప్పుగా దూరావో నీకు గుర్తుండదు."