పిల్లి చేత పట్టించిన వ్రతం

చిదంబరం పెంచుతున్న పిల్లి గిన్నె ముట్టడం మానేసింది. ఎముకలు తేలి చిక్కిపోయింది. బలవంతాన పట్టిన పాలు పట్టినట్టే నీళ్ళలా పోతున్నాయి. సందె చీకటి పడితే చాలు, గోడలకు గుద్దుకుంటోంది.

గోదావరి ఒడ్డున ఉన్న ఆ ఆశ్రమంలోకి చేపా మాంసం రానివ్వరు. కూనగా దొరికిన ఆ పిల్లికి చిదంబరం శాంత అని పేరు పెట్టి, పాలూ పెరుగన్నంతోనే పెంచాడు. ఎలుక వెంట పడితే అదిలించి కట్టేసేవాడు. వచ్చిన భక్తులందరికీ చూపించి, "మా శాంత హింస మానేసిందండీ!" అనేవాడు. వాళ్ళు ముందు పిల్లికీ, ఆ తర్వాత చిదంబరానికీ దండం పెట్టేవారు. ఆ రెండో దండం కోసమే దాన్ని చంకనేసుకు తిరుగుతున్నాడని తోటి శిష్యులు వేళాకోళం చేసేవారు.

అలాగని దానిమీద ప్రేమ లేకపోలేదు. గురువు శేషయోగి ముందు దాన్ని పడుకోబెట్టేసరికి అతని కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"స్వామీ, వాము నీళ్ళు పట్టాను. పాలు పలచన చేసి పోశాను. ఏదీ ఇమడటం లేదు. ఇది బతకదా?"

శేషయోగి పిల్లి పొట్ట తడిమి చూశారు. తాను రోజూ అన్నం తినే కంచు గిన్నె తీసుకుని పడవల రేవుకేసి నడిచారు.

తిరిగి వచ్చేసరికి గిన్నెలో రెండు చిన్న చేపలున్నాయి. ఆరుబయట తనే పొయ్యి రాజేసి, ఉప్పూ పసుపూ వెయ్యకుండా ఉత్త నీళ్ళలో ఉడకబెట్టారు. ఆ వాసనకు శిష్యులు వసారా చివరికి జరిగిపోయారు. పిల్లి మాత్రం తల ఎత్తింది.

"ముళ్ళు తియ్యి నాయనా, నాకు చూపు ఆనడం లేదు. ఇంక పాలు పొయ్యకు, దానికి అరగవు. ఇది కూడా ఒక్కసారే పెట్టెయ్యకు. ఎండిన కడుపు."

చిదంబరం చేతులు వెనక్కి లాక్కున్నాడు.

"మీ గిన్నెలో చేపా స్వామీ! ఇది హింస కాదా?"

"హింసే" అన్నారు శేషయోగి. "ఇన్నాళ్ళూ నువ్వు చేసింది ఏమిటనుకున్నావు?"

చిదంబరం పిల్లి వంక చూశాడు. అది గిన్నె వైపు పాకాలని చూస్తోంది, కాళ్ళు నిలవడం లేదు. అతనికి దుఃఖం ఆగలేదు.

కింద కూర్చుని, పుట్టి ఎన్నడూ చేప ముట్టని వేళ్ళతో, ఒక్కొక్క ముల్లూ తీయడం మొదలుపెట్టాడు.