పట్టువిడుపుల సాంబారు

మా యూనివర్సిటీలో బుర్ర ఉన్నవాళ్ళం ముగ్గురమే. జోగారావు గారు, మంగతాయారు గారు, నేను. ఈ మాట ఇంకెవరూ చెప్పకపోయేసరికి మేమే అందరికీ చెప్పుకునేవాళ్ళం. మరి శాంతి, సంఘర్షణ, ప్రజాస్వామ్యం పాఠాలు చెప్పేది మేమే కదా!

ఓ రోజు పై హాస్టలుకీ కింది హాస్టలుకీ సాంబారు దగ్గర గొడవొచ్చింది. బెల్లం వెయ్యాలని వీళ్ళు, వేస్తే ఊరుకోమని వాళ్ళు. సాయంత్రంలోగా రాజీ కుదర్చకపోతే మెస్సుకు తాళమేనని వైస్ ఛాన్సలర్ మేడం మాకు తేల్చి చెప్పేశారు. మేమూ తినేది అక్కడే. ప్రాణం పోయినంత పనైంది.

"కూర్చోబెట్టి మాట్లాడించండి. ఎవరి నోరూ మూయించకండి," అన్నారు మేడం ఫోన్లో.

అంతే, అందర్నీ హాల్లో కూర్చోబెట్టాం. పెదవులు కలిపినవాడి దగ్గరికల్లా జోగారావు గారు పరిగెత్తి, "తెరువు నాయనా, ప్రజాస్వామ్యం!" అంటూ గడ్డం కిందికి లాగారు. ఇంకేముంది, హాలంతా "ఆ... ఆ..." తప్ప ఒక్క మాట లేదు.

మళ్ళీ ఫోన్ చేశాం.

"ఇద్దర్నీ ఒక మెట్టు దిగమనండి," అన్నారు మేడం.

ఆ హాలుకు మెట్లే లేవు. అందర్నీ లైబ్రరీ డాబా ఎక్కించి, ఒక్క మెట్టు దించాం. మండే ఎండ. రెండు హాస్టళ్ళూ ఆ ఒక్క మెట్టు మీదే! రెండో మెట్టు మీద కాలు పెట్టబోయినవాణ్ణి మంగతాయారు గారు చొక్కా పట్టుకుని వెనక్కి లాగారు. "మేడం ఒక్కటే అన్నారు!"

ఈసారి ఫోన్ చేస్తే మేడం విసుక్కున్నారు. "రెండు వైపులా పట్టువిడుపులు ఉండాలండీ!"

ఇది నాకు ఇట్టే అర్థమైంది. నా తెలివికి నాకే ముచ్చటేసింది. మెస్సు నుంచి సాంబారు గుండిగ తెప్పించి, పై హాస్టలు నాయకుడు పోలినాయుడికీ కింది హాస్టలు నాయకుడు రత్నాకర్‌కీ చెరో పక్కా అందించి, "పట్టండి" అన్నాను. పట్టారు. "విడవండి" అన్నాను. ఇంకేముంది, గుండిగ మెట్లన్నీ దిగింది.

తర్వాత పోలినాయుడు రత్నాకర్ భుజం మీద చెయ్యి వేశాడు.

"గురూ, బెల్లం సంగతి తర్వాత. ముందు ఈ ముగ్గుర్నీ తన్నాలి."

"నేనూ అదే అనుకుంటున్నా గురూ."

ఆనందం ఆపుకోలేక ఫోన్ చేశాను. "మేడం, ఇద్దరూ ఒక్క మాట మీదికొచ్చారు!"

"అయితే ఓటు పెట్టి ఖాయం చెయ్యండి. ఏకగ్రీవమైతే మెస్సుకు తాళం పడదు."

అంతే, జోగారావు గారు గొంతు సవరించుకున్నారు. "మమ్మల్ని తన్నాలనేవాళ్ళంతా చేతులెత్తండి!"

అన్ని చేతులూ లేచాయి. ఏకగ్రీవం కావాలిగా, మేమూ ఎత్తాం. మెస్సు నిలిచింది! మంగతాయారు గారికి కళ్ళ నీళ్ళు తిరిగాయి.

"శభాష్! ఇక ఎత్తిన చేతులు దించండి," అన్నారు జోగారావు గారు.

ఎక్కడ దించాలో చెప్పలేదు. ఇంకేముంది, అందరూ మా వీపుల మీదే దించారు. ఓటేసినవాళ్ళం కదా, మేమూ ఒకరి వీపు మీద ఒకరం దించుకున్నాం.